పేపర్ల లెక్కకు అందని సుబ్బారావు గారు

క్యాన్సర్ శాస్త్రవేత్త స్థాయిని పరిశోధన పేపర్ల సంఖ్య, సైటేషన్లు (ఇతరులు ఆ పేపర్లను ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క), హెచ్-ఇండెక్స్ (ఈ రెండూ కలిపి ఇచ్చే ఒక అంకె) చూసి చెప్పేయవచ్చని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. అమెరికాలో పనిచేసిన మన తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారినే తీసుకోండి. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బృందం పేపర్ వచ్చింది. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందిలో కొంతకాలమైనా మెరుగు కనిపించింది. కీమోథెరపీ చరిత్ర చెప్పేవాళ్లు ఈ పేపర్‌ని తప్పకుండా తలుచుకుంటారు. ఆ మందును తయారు చేసింది అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ల్యాబ్‌లో సుబ్బారావు గారి బృందం. రచయితల్లో మాత్రం ఆయన పేరు లేదు! ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు.

ఆయన పేరు మీద సైటేషన్లు వేలల్లో ఉన్న పేపర్ వేరే ఉంది. 1925లో హార్వర్డ్ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రాసిన, రంగును బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి. గొప్ప పనే, కానీ అది క్యాన్సర్ పరిశోధన కాదు కదా. అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ అనే మందును పిల్లల ల్యుకేమియా చికిత్సలో ఇప్పటికీ వాడుతున్నారు. ఉద్యోగాలు, గ్రాంట్లు ఇచ్చే కమిటీలు అంకెల పక్కనే ఈ ప్రశ్న కూడా వేయాలి: ఈ పని వల్ల రోగికి ఏం అందింది?