తుమ్మే పిల్లికి పారాసెటమాలా?

ఈ చలికాలంలో ఒకే సందేశం నా ఫోనుకు నాలుగుసార్లు వచ్చింది. దాని సారాంశం ఇది: తెచ్చి పెంచుకుంటున్న పిల్లి తుమ్ముతుంటే చలికి పట్టిన జలుబే, పావు బిళ్ల పారాసెటమాల్ వేసి, పసుపు పాలు పట్టి, ముక్కుకు బామ్ రాస్తే మూడు రోజుల్లో పోతుంది, టీకా వేయించిన పిల్లికి అసలు రాదు, మళ్లీ మళ్లీ వస్తుంటే పిల్లలకు అంటకముందే తెచ్చినచోటే తిరిగి ఇచ్చేయండి. పంపిన నలుగురూ పిల్లులంటే ప్రాణం పెట్టేవారే. అందుకే ఈ సమాధానం.

ముందు పారాసెటమాల్ సంగతి. మిగతావి పొరపాట్లు, ఇది మాత్రం ప్రాణం తీస్తుంది. ఈ మందును విషం కాకుండా బయటికి పంపే ఎంజైము మన కాలేయంలో పుష్కలంగా ఉంటుంది, పిల్లికి దాదాపు ఉండదు. అందువల్ల దాని రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి వస్తుంది. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖమూ పాదాలూ వాస్తాయి. చంపడానికి ఒక్క బిళ్ల చాలు. పావు బిళ్లయినా క్షేమమని ఎవరూ చెప్పలేరు. ఇప్పటికే వేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుల దగ్గరకు పరుగెత్తండి. విరుగుడు ఉంది, కానీ త్వరగా పడాలి. బామ్‌లోని కర్పూరం, యూకలిప్టస్ నూనె కూడా పిల్లికి విషమే, ముక్కుకు రాసింది నాకకుండా అది ఊరుకోదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. తుమ్ములకు విరేచనాలు తోడవుతాయి, అంతే.

ఇక చలి. పిల్లుల తుమ్ముల్లో అత్యధిక భాగానికి కారణం రెండు వైరస్‌లు: పిల్లుల హెర్పిస్, కాలిసి. హెర్పిస్ ఒకసారి సోకితే చాలా పిల్లుల్లో ముఖపు నరాల్లో దాక్కుని జీవితాంతం ఉండిపోతుంది. బెదురు, మార్పు, ఒత్తిడి కలిగినప్పుడు మేల్కొంటుంది. జ్వరం తగిలితే మన పెదవి పేలడం వెనక ఉన్నదీ ఆ కుటుంబపు వైరసే.

మా పిల్లి గవ్వ ఒక మెకానిక్ షెడ్డు నుంచి వచ్చింది. నిరుడు పెళ్లికి ఇంటినిండా బంధువులు దిగితే మూడు రోజులు బీరువా వెనకే కూర్చుంది, ఒక్క తుమ్ము లేదు. అందరూ వెళ్లిపోయి ఇల్లు సద్దుమణిగిన వారానికి మొదలుపెట్టింది. ఒత్తిడి కలిగిన కొన్ని రోజులకు గానీ వైరస్ బయటపడదు కనుక, పెళ్లికీ తుమ్ముకీ ముడిపెట్టాలని మాకు తోచనే లేదు.

టీకా మాట సగం నిజం. ఈ రెండు వైరస్‌లు సోకకుండా అది పూర్తిగా ఆపలేదు, జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది. అలాగని మానేయకండి. అదే సూదిలో పాన్‌ల్యుకోపీనియా అనే మరో వైరస్ జబ్బుకు టీకా కూడా ఉంటుంది, ఆ జబ్బు పిల్లికూనల పాలిట యముడు.

మూడు రోజుల గడువు కూడా ఉత్తిదే. మామూలు విడతకే వారం పది రోజులు పడుతుంది. ఈలోగా అసలు సమస్య తిండి: ముక్కు మూసుకుపోతే వాసన తెలియదు, వాసన తెలియనిది పిల్లి ముట్టదు. గవ్వ చేప ముక్క దగ్గరకు వచ్చి, మూతి ఆనించి, మట్టిని చూసినట్టు చూసి వెళ్లిపోయింది. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన అదే ముక్కను గోరువెచ్చగా చేసి, ముక్కు చుట్టూ తడి దూదితో తుడిచి పెడితే తిన్నది. స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి నింపి పది నిమిషాలు పక్కన కూర్చోవడమూ మేలే. అగరుబత్తి, దోమల చుట్ట, ఫినాయిల్ ఆ రోజుల్లో వద్దు. ఫినాయిల్ అసలు ఎప్పుడూ వద్దు.

రోజంతా తినకపోయినా, చీమిడి పచ్చగా చిక్కబడినా, కన్ను తెరవలేకపోయినా డాక్టరుకు చూపించాలి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే ఆ క్షణమే. ఒక్క ముక్కు రంధ్రం నుంచే కారుతుంటే అది వైరస్ కాకపోవచ్చు. లోపల ఇరుక్కున్న గడ్డిపోచ, పంటి వేరు, కణితి, ఏదైనా కావచ్చు.

చివరగా, తిరిగి ఇచ్చేయమన్న సలహా. ఈ రెండు వైరస్‌లు మనుషులకు అంటవు. ఇంట్లోని ఇతర పిల్లులకు అంటుతాయి, గిన్నెలు వేరుచేసి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. ఇక తిరిగి పంపడం ఆ పిల్లికి ఏమిటో చూడండి: బుట్టలో కుక్కడం, తెలియని గది, పక్కన మొరిగే కుక్కలు, కొత్త మనుషులు. వైరస్ మేల్కొనడానికి ఇంకేం కావాలి? వారం తిరిగేసరికి అది ఇంకొకరి ఇంట్లో తుమ్ముతూ ఉంటుంది.