బ్లూ మూన్ గారికి మేడమెట్ల బాధితుడి లేఖ

మహారాజశ్రీ బ్లూ మూన్ గారికి,

మే 31 ఆదివారం రాత్రి, లిఫ్టు పనిచేయని మా అపార్ట్‌మెంటులో తమరి దర్శనం కోసం అయిదంతస్తులు ఎక్కినవాణ్ని. వెంట మోకాళ్ల నొప్పుల అమ్మ, నీలం క్రేయాన్ పట్టుకున్న ఏడేళ్ల కూతురు. మధ్యాహ్నం నుంచి టీవీలో తమరిని నీలిమందులో ముంచి ముంచి చూపించారు మరి. తీరా వాటర్ ట్యాంకు వెనక నుంచి తమరు వేంచేసింది పసుప్పచ్చగా. కాసేపటికి ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా. "నాన్నా, నీలం ఎప్పుడవుతుంది?" అంది పిల్ల. తొమ్మిదిన్నరకి మళ్లీ అడిగింది. అప్పటికి దోమల భోజనాలు కూడా అయిపోయాయి.

1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలి బూడిద కమ్మినప్పుడు తమరు నిజంగానే నీలంగా కనబడ్డారు. కాదనను. ఇప్పుడేమిటి? ఒకే ఇంగ్లీషు నెలలో రెండో పున్నమి అయితే చాలు, నీలం! మే 1న ఒకటి, 31న ఒకటి. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులే కదా, 31 రోజుల నెలలో రెండు పట్టడం కూడా ఘనకార్యమేనా? మా ఇంట్లో నెలకి రెండుసార్లు గ్యాస్ అయిపోతే దానికే రంగు పెట్టుకోవాలి?

పైగా ఆ లెక్క కూడా పొరపాటుదే. మూడు పున్నములు రావలసిన మూడు నెలల ఇంగ్లీషు ఋతువులో నాలుగొస్తే, అందులో మూడోదే అసలు బ్లూ మూన్. 1946లో 'స్కై అండ్ టెలిస్కోప్' అనే అమెరికా పత్రికలో ఒకాయన పాత పంచాంగాన్ని తప్పుగా అర్థం చేసుకుని, నెలలో రెండోది అని రాసేశాడు. 1999లో ఆ పత్రికే తప్పు ఒప్పుకుంది. ఏం లాభం? రేషన్ కార్డులో నా పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే దిద్దించుకోడానికి చెప్పులరిగాయి. తమరు ఆ తప్పుతోనే స్టార్ అయిపోయారు.

తమరి చుట్టాలూ తక్కువేం కాదు. సూపర్ మూన్‌కి 1979లో నామకరణం చేసింది ఒక జ్యోతిష్కుడు. పింక్ మూన్‌లో పింక్ అంతా అమెరికాలో ఏప్రిల్‌లో పూసే పూలదే. ఉన్నంతలో బ్లడ్ మూన్ నయం, గ్రహణం వేళ భూమి గాలిపొరలోంచి వంగి వచ్చిన ఎర్రటి వెలుగు నిజంగానే ఒంటిమీద పడుతుంది.

ఇంటికొచ్చాక తెలిసింది అసలు మోసం. ఆ రాత్రి నువ్వు 4 లక్షల కిలోమీటర్లు దాటి కూర్చున్నావు. 2026 మొత్తానికీ అతి చిన్న పున్నమి అదే! రంగు లేదు, సైజు లేదు, పేరు తప్పు. అయిదంతస్తులయ్యా! మా అమ్మ మోకాళ్లకి ఎవడు సమాధానం చెబుతాడు?

ఆవిడ మాత్రం మేడమీద ఉండగానే తాపీగా పిట్టగోడకి ఆనుకుని, "నీలమూ లేదు, తెలుపూ లేదు, అధిక జ్యేష్ఠ పున్నమి రా ఇది" అంది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. ఏడాదికి పదకొండు రోజుల చొప్పున వెనకబడి, ఆ బాకీ పెరిగితే మనకి అధికమాసం, ఇంగ్లీషు క్యాలెండరు వాళ్లకి పదమూడో పున్నమి. ఇక్కడ పెళ్లిళ్లు ఆగిపోతాయి, అక్కడ టీవీలు ఆగవు.

"పక్కన ఎర్రచుక్క కనబడుతోందా తల్లీ? అదే జ్యేష్ఠ. పున్నమి చంద్రుడు దాని దగ్గరికొస్తే జ్యేష్ఠమాసం. చిత్త దగ్గరైతే చైత్రం, కృత్తిక దగ్గరైతే కార్తీకం" అని మనవరాలికి చూపించింది.

పిల్ల కళ్లు చికిలించి చూసింది. దొరికింది. నీలం క్రేయాన్ నా చేతిలో పెట్టి, "ఎర్రది కింద ఉంది, తెచ్చుకుంటా నాన్నా" అంటూ మెట్ల వైపు పరిగెత్తింది. వెనకాలే నేను.

ఇట్లు,
అయిదో అంతస్తు దిగి, మళ్లీ ఎక్కినవాడు