గేటు ముందు ఆరడుగుల సామ్రాజ్యం

గేటు ముందు కాస్త సిమెంటు పొయ్యడానికి కూడా మేస్త్రి మీద ఆధారపడే జాతి ఎలా బాగుపడుతుంది? ఈ ఆవేదన నాకు మొన్న వేసవిలో, మేస్త్రి కూలీ లెక్క చెప్పిన నిమిషంలోనే మొదలైంది. అంతకుముందు ఎన్నడూ లేదు.

మాది సీతమ్మధారలో ఏటవాలు వీధి. విశాఖలో ఇలాంటి వీధులకు కొదవ లేదు. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు కదా, పైన పడ్డ చుక్క పల్లం వెతుక్కుంటూ పోవాల్సిందే. దాని దారికి అడ్డంగా మనం ర్యాంపులు కట్టుకుంటూ ఉంటాం.

ర్యాంపు అంటే, ఇంటి ముందు కాలువను కప్పేసి రోడ్డు మీదికి చాపిన సిమెంటు నాలుక. చట్టం దృష్టిలో అది రోడ్డు. ఇంటాయన దృష్టిలో పిత్రార్జితం. మా ఎదురింటి మాస్టారి ర్యాంపు మూడడుగులతో పుట్టింది. ఏటా సంక్రాంతి సున్నాలప్పుడు కాస్త కాస్త ముందుకొచ్చి, ఇప్పుడు ఆరడుగులైంది. చివర రెండు పూలకుండీలు సరిహద్దు కాపలా కాస్తుంటాయి. ఇంత దురాక్రమణ కళ్ళెదుట జరుగుతుంటే పౌరుడిగా నేను చెయ్యగలిగింది ఒకటే. నాదీ ఆరడుగులు వెయ్యాలని నిశ్చయించుకున్నాను.

ముందు ఇసుక. రాష్ట్రంలో 2024 జులై నుంచి ఇసుక ఉచితం. ఏట్లో ఉన్నంతసేపూ నిజంగానే ఉచితం. మన ఊరి పక్కన పెద్ద ఏరు లేదు కాబట్టి అటు శ్రీకాకుళం వైపు నాగావళి, వంశధారల నుంచి రావాలి. లోడింగు ఖర్చు, లారీ కిరాయి, లారీ మా సందు తిరగదు కాబట్టి ట్రాలీ ఆటో కిరాయి. ఉచిత వస్తువు మీద ఇంత డబ్బు పెట్టడం నా జీవితంలో అదే మొదలు. "ఎందుకు బావా ఇదంతా, బీచి నిండా ఇసకే కదా!" అన్నాడు మా బావమరిది. ఇంజినీరింగు చదివాడు లెండి. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుందనీ, ఉప్పు తగిలితే లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును పగలదీస్తాయనీ నేనే చెప్పాల్సొచ్చింది. ఈ ఊళ్ళో గాలికే ఇనుము నిలవదు. మా గేటు అడుగుభాగం గిల్లితే అప్పడంలా రాలి చేతికొస్తుంది.

కలపడం దగ్గర శాస్త్రం ప్రకారమే మొదలెట్టాను. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర. యాభై కిలోల బస్తాకి నీళ్ళు పాతిక నుంచి ముప్ఫై లీటర్లు. పారతో మూడోసారి తిరగేసేసరికి నడుములో ఏదో కలుక్కుమంది. ఇంకో బకెట్టు పోశాను. అబ్బ, ఏం కదిలిందండీ! రాగిజావలా వచ్చేసింది. నీళ్ళెక్కువైతే గట్టిదనం తగ్గుతుందని నాకు తెలుసు. నడుముకి తెలీదు.

వాలు చూసుకోవడానికి మేస్త్రులు పారదర్శకంగా ఉండే పైపులో నీళ్ళు పోసి రెండు కొసలా పట్టుకుంటారు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి, దాన్నిబట్టి గుర్తు పెట్టుకుంటారు. పదడుగులకు అంగుళంన్నర వాలు వీధి వైపు ఉంటే చాలు. నేను పైపు మీద డబ్బు తగలెయ్యలేదు. ఒక కన్ను మూసి, రెండో కంటితో చూశాను. "ఏవండీ, ఇటే వాలినట్టుంది" అంది మా ఆవిడ వరండాలోంచి. ఎండలో అలాగే కనిపిస్తుందని సర్దిచెప్పాను.

పని ఊపందుకున్నాక గేటు లోపలి మట్టినేలా కంటికి ఆనలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ తుఫాను మా వేపచెట్టును కూలదోసినప్పటి నుంచీ ఆ జాగా ఖాళీగా ఉండి, ఎంత వాన పడినా గుటకలేసి తాగేసేది. పనీపాటూ లేని జాగా అది. దాన్నీ సిమెంటుతో కప్పి దారిలో పెట్టాను.

సిమెంటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అపోహ. అది నీళ్ళు తాగి గట్టిపడుతుంది. తక్కువలో తక్కువ ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి, బలం లెక్కగట్టేది ఇరవై ఎనిమిదో రోజున. మే నెల ఎండలో గోనెసంచులు పరిచి, తెల్లవారుజామున లేచి తడిపాను. నా పిల్లలు చంటివాళ్ళుగా ఉన్నప్పుడు కూడా ఆ వేళకు లేచి ఎరగను. ఈ మాట మా ఆవిడదే.

నెల తిరిగాక ప్రారంభోత్సవం. సెకండ్ హ్యాండుదే అయినా కారు కారే కాబట్టి సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాం. వైజాగులో బండి కొన్నవాడు ముందు ఆయనకు చూపించుకోవాలి. ఇంటికొచ్చాక ర్యాంపు మీదా మంచి జరగాలని, గేటు దగ్గర ముందు టైరు కింద ఒక నిమ్మకాయ పెట్టాను. నేను వెళ్ళి స్టీరింగు పట్టుకునేలోపే నిమ్మకాయ కదిలింది. వీధి వైపు కాదు. లోపలికి. తొందరేం లేదన్నట్టు దొర్లుకుంటూ, తులసికోట పక్కన కాస్త మలుపు తిరిగి, నేరుగా వెళ్ళి గడపకి తగిలి ఆగింది.

మా ఆవిడ వంగి దాన్ని తీసుకుంది. నా వంక చూసింది. "వానొచ్చినా ఇదే దారి" అని, పులిహోరకి పనికొస్తుందని లోపలికి పట్టుకెళ్ళింది.

మొదటి వానకి ఆ జోస్యం హాల్లో సోఫా దాకా ఫలించింది. ఎదురింటి మాస్టారు తన ర్యాంపు ఎత్తు మీంచి చూసి సానుభూతి ప్రకటించారు. ఆయన వాకిట్లో పడ్డ నీళ్ళూ మాకే వస్తున్నాయి మరి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర మీదే కొత్త పొర వేస్తారు, రోడ్డుతో పోటీగా ఆయన వాకిలి పెంచుతారు, ఆయనతో పోటీగా పక్కింటివాళ్ళు పెంచుతారు. వీధంతా ఆకాశం వైపు ప్రయాణిస్తోంది. నీళ్ళకు మాత్రం ఆశయాలు ఉండవు, పల్లంలో ఎవడున్నాడో వాడింటికి పోతాయి.

చివరికి ఆ మేస్త్రినే పిలిచాను. నడుం మీద చెయ్యేసుకుని చాలాసేపు చూశాడు. "ఏటి బాబుగారూ, వర్సానికి దారేసి మరీ పిలిసినట్టున్నారు" అన్నాడు. పగలగొట్టడానికి ఒక రేటు, చెత్త ఎత్తడానికి ఒక రేటు, మళ్ళీ వెయ్యడానికి ఒక రేటు చెప్పాడు. మొదట చెప్పినదానికి మూడింతలు. అంత గట్టిగా ఎలా కుదిరిందో తెలీడంలేదట, అందుకని కూలీ ఎక్కువట. రాగిజావ మీద నాకు గౌరవం పెరిగింది.

ఆయన్ని మర్యాదగానే పంపేశాను. స్వావలంబన అంటే సగంలో వదిలేసేది కాదు కదా. ఈ ఆదివారం గడప మీద ఒక వరస ఇటుక పేరుస్తున్నాను. ఇసుక ఎలాగూ మిగిలే ఉంది. ఉచితంగా వచ్చిందే.