గోడకు కళాకారుడు కావలెను, టర్నోవరు తప్పనిసరి

మా వైపు ఒక రైల్వే స్టేషన్‌లో కొత్త గోడ లేచింది. ఏ స్టేషనో చెప్పను, అనంతపురానికి మరీ దూరం కాదనుకోండి. 2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద దేశంలో 508 స్టేషన్ల పనులకు ఒకే రోజు శంకుస్థాపన జరిగింది కదా, అప్పటి నుంచి స్టేషన్ గోడ మీద 'స్థానిక సంస్కృతి' కనబడాలనే జ్ఞానం ఊరూరికీ పాకింది. మంచిదే. గోడను ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో మనకు తెలియనిదా? మొదటి వారం కోచింగ్ సెంటర్ పోస్టరు, రెండో వారం పైల్స్‌కు ఆపరేషన్ లేకుండా వైద్యం, మూడో వారం ఆ రెంటి మీదా కిళ్లీ ఉమ్మి. మన ఆఫీసుల్లో నాకు తెలిసి సక్సెస్ అయిన పబ్లిక్ ఆర్ట్ ఒక్కటే ఉంది. మెట్ల మలుపుల్లో అతికించే దేవుడి టైల్స్. మూడు మతాలవీ వరసగా ఉంటాయి. ఏ కళాకృతి ముందైనా మనిషి ఉమ్మబోయి ఆగాడంటే అంతకు మించిన విమర్శకుడి మెప్పు ఏముంటుంది?

గోడ సంగతి తేల్చడానికి ఒక కమిటీ వేశారు. అందులో నన్నూ పెట్టారు. నాకు కళల గురించి ఏమీ తెలియదు. ఆ విషయం వాళ్ళకు తెలుసు, అందుకే పెట్టారు. తెలిసినవాళ్ళను పిలిస్తే అభిప్రాయాలు చెబుతారు, మీటింగు మధ్యాహ్నం భోజనం దాకా సాగుతుంది. నేనైతే బజ్జీ తిని తలూపుతాను. పౌర సమాజం ప్రతినిధి అంటే అదే.

మొదటి మీటింగులో ప్రశ్న ఒక్కటే. స్థానిక సంస్కృతి అంటే ఏమిటి? ఒకాయన నెమలి అన్నారు. ఇంకొకాయన కూచిపూడి అన్నారు. కూచిపూడి కృష్ణా జిల్లాలో ఉందని ఎవరో గొణిగారు, అయినా ఆంధ్రదే కదా అని ఆయన సర్దుకున్నారు. ఎడ్లబండి, కుండ ఎత్తుకున్న పడుచు, వెనక సూర్యోదయం అనే త్రిమూర్తులు ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చున్నాయి. చివరికి లేపాక్షి బసవన్న పేరు రాగానే అందరం ఊపిరి పీల్చుకున్నాం. బసవన్నకు కులం లేదు, పార్టీ లేదు, ఆయన్ను పెడితే ఎవరూ ధర్నా చేయరు.

అక్కడే చిక్కు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ధర్మవరం పట్టుచీరలు అక్కడివే. తోలుబొమ్మల నిమ్మలకుంటా అక్కడిదే. తిమ్మమ్మ మర్రిమాను కూడా ఊడలతో సహా అటే వెళ్ళిపోయింది. అంటే ఏప్రిల్ 3 రాత్రి దాకా స్థానికుడిగా పడుకున్న కళాకారుడు తెల్లారి లేచేసరికి పరాయి జిల్లావాడయ్యాడు. ఫైలులో 'స్థానిక' అన్న పదానికి 'జిల్లా పరిధిలోని' అని అర్థం రాసుకున్నారు. ఆ లెక్కన మాకు మిగిలిన సంస్కృతి ఏమిటని వెతికితే చెనిక్కాయలు, ఎండ తేలాయి. ఎండను గోడ మీద వేయాల్సిన పనిలేదు, అదే వచ్చి వేసుకుంటుంది.

చివరికి పెద్ద మనసు చేసుకుని, పాత ఉమ్మడి జిల్లాను స్థానికం కిందే లెక్కేద్దామని తీర్మానించాం. కమిటీ చేసిన ఒకే ఒక్క సాహసం ఇదే కాబట్టి రికార్డు కోసం చెబుతున్నాను.

రెండో మీటింగుకు నిమ్మలకుంట నుంచి ఒక పెద్దాయన్ను పిలిపించారు. బస్సు దిగి, సంచిలో బొమ్మ చుట్టుకుని వచ్చాడు. బల్ల మీద పరిచాడు. సీతమ్మ. బల్ల మీద చూస్తే మామూలుగానే ఉంది, కొంచెం ముడతలు కూడా. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. గదిలో ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తారు. చీర అంచుకు, మెళ్ళో హారానికి, కమ్మలకు సన్నని ఉలితో కొట్టిన వందల చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. మిగతా ఒళ్ళంతా ఎర్రగా, ఆకుపచ్చగా లోపల్నుంచి మండుతున్నట్టు ఉంది. తోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, అద్దంలా అయ్యేదాకా గీకి, లాగి ఎండబెట్టి, గీత గీసి, రెండు వైపులా రంగు వేస్తేనే అలా వస్తుందట. ఒకప్పుడు ఆముదం దీపాలు పెట్టి రాత్రంతా ఆడించేవాళ్ళు. ఇప్పుడు ఆడించమని పిలిచే ఊళ్ళు తగ్గిపోయి, అదే తోలుతో ల్యాంప్ షేడ్లు చేసి అమ్ముకుంటున్నారు. రాముడూ రావణుడూ చెరో వైపు నిలబడి ఎవరి డ్రాయింగ్ రూములోనో 40 వాట్ల బల్బు కాపలా కాస్తున్నారు.

ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, మేమంతా కమిటీ అన్న సంగతి మరచిపోయాం. తర్వాత అధ్యక్షుల వారు తేరుకున్నారు.

"మెటీరియల్ ఏంటి పెద్దాయనా?"

"మేక తోలు సామీ."

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తిరుపతి పోయేవాళ్ళు ఇదే ప్లాట్‌ఫారం మీద నిలబడతారు, మనోభావాలు ఉంటాయి కదా అని ఒక సభ్యుడు నసిగారు. సీతమ్మను మేక తోలుతోనా అని ఇంకొకరు నొచ్చుకున్నారు.

"మా తాతల కాలం నుంచి తోలుతోనే చేస్తాండం సామీ. సీతమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు" అన్నాడు పెద్దాయన.

అద్దాల పెట్టెలో బిగించి వెనక లైటు వేస్తే చాలు, గోడ పొడవునా రామాయణం మొత్తం వెలిగించొచ్చని ఆయన చెప్పాడు. మధ్య మధ్య కేతిగాణ్ణి, బంగారక్కను, జుట్టుపోలిగాణ్ణి పెడతానన్నాడు. కథ బరువెక్కినప్పుడల్లా తెర మీదికి దూకి జనాన్ని నవ్వించేది ఆ ముగ్గురే. వాళ్ళ మాటలు మరీ మోటు అని ఒకరు అభ్యంతరం చెప్పబోతే, గోడ మీద బొమ్మలు మాట్లాడవని నేను గుర్తు చేశాను. కానీ నా మనసులో ఆలోచన వేరు. రైలు నాలుగు గంటలు లేటని మైకులో ఆ తియ్యటి గొంతు "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని చెప్పే బదులు కేతిగాడు చెబితే ఎలా ఉంటుందా అని. ఎందుకు లేటైందో, ఎవరి వల్ల లేటైందో వాళ్ళ వంశవృక్షంతో సహా చెప్పేవాడు. ప్రయాణికులు రైలు వచ్చినా ఎక్కేవాళ్ళు కాదు. ఈ సూచనను మినిట్స్‌లో రాయించలేదు, నాకూ కొంచెం పరువు ఉంది.

ఇక ఇంజనీరు గారి వంతు. ఆయన మంచివారు, వ్యంగ్యంగా అనడం లేదు. కళను చదరపు మీటర్లలోకి మార్చకపోతే పనుల కొలతలు రాసే ఎం-బుక్‌లో ఎక్కదు, ఎం-బుక్‌లో ఎక్కకపోతే బిల్లు రాదు, ఆయన బాధ ఆయనది. రేట్ల పట్టికంతా తిరగేశారు. డిస్టెంపరుకు రేటు ఉంది, ఎనామిల్‌కు రేటు ఉంది, సున్నానికి కూడా ఉంది. సీతమ్మకు లేదు. దగ్గరగా ఉన్నదేదని చూస్తే 'రెండు కోటింగుల పెయింటు' దొరికింది. రెండు వైపులా రంగు వేస్తారు కదా, సరిపోతుందన్నారు. అప్పుడు అకౌంట్సు ఆయన బొమ్మ వైపు వేలు చూపించి అడిగారు: "మరి ఈ చిల్లుల విస్తీర్ణం తీసేయాలి కదా?"

ఆ క్షణంలో సీతమ్మ నగలన్నీ బిల్లులోంచి పోయేవే. మా ఇంజనీరు కాపాడారు. గోడల ప్లాస్టరింగు కొలతలకు ఐ.ఎస్. 1200 అని ఒక ప్రమాణం ఉంది. అందులో అర చదరపు మీటరు దాటని ఖాళీలకు కోత పెట్టనక్కర్లేదట. సీతమ్మ చెవికమ్మ చిల్లు అర చదరపు మీటరు కన్నా తక్కువే అని ఆయన టేపు పెట్టి కొలిచి మరీ చెప్పారు. అశోకవనంలో హనుమంతుడు ఇచ్చిన ఉంగరం తర్వాత సీతమ్మకు అందిన పెద్ద ఓదార్పు ఇదేనని నా అభిప్రాయం.

అంతా అయ్యాక టెండరు ఫారం ఇచ్చారు. గత 3 ఏళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు. జీఎస్టీ నంబరు. బ్యాంకు గ్యారంటీ. ధరావతు. ఇదే తరహా పని రైల్వే స్టేషన్లలో కనీసం రెండు చోట్ల చేసినట్టు ధ్రువపత్రం. పెద్దాయన ఫారాన్ని కూడా అలవాటు కొద్దీ కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ఏమీ వెలగలేదు.

నేను కలగజేసుకుని, ఈయన ఊరి నుంచే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఊరి పనితనం ఏపాటిదో దేశానికంతా తెలుసు కదా అన్నాను. నిజమే కానీ ఫారంలో ఆ గడి లేదన్నారు. నేను చూశాను, నిజంగానే లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే సామెతగా వదిలేశారు. మేం దాన్ని నిబంధన 7 (బి) చేశాం.

ఒక సభ్యుడు ఇంటర్నెట్‌లో చదివి వచ్చారు. బీహార్‌లో మధుబని స్టేషన్ ఉంది. 2017లో అక్కడి చిత్రకారులు వచ్చి స్టేషన్ గోడలన్నీ తమ బొమ్మలతో నింపారు. మరుసటి ఏడాది అందమైన స్టేషన్ల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. ఇదంతా చెప్పి, చివర్న గొంతు తగ్గించి "అంతా శ్రమదానమే సార్" అన్నారు. ఆ మాటకు గదిలో ముఖాలన్నీ వెనక దీపం పెట్టిన తోలుబొమ్మల్లా వెలిగిపోయాయి. కళాకారుడికి డబ్బిస్తే కళ మైల పడుతుందని, పేరు వస్తుంది కదా అది చాలదా అని చర్చ జరిగింది. ఇంత గొప్ప ఆలోచనను బొమ్మలతోనే ఆపడం అన్యాయమనిపించి, సిమెంటు, కడప రాయి, ఏసీ వెయిటింగ్ హాలు కాంట్రాక్టర్లను కూడా శ్రమదానం అడుగుదామా అన్నాను. కాంట్రాక్టరు గారు మూడో కుర్చీలోనే ఉన్నారు. నీళ్ళు తాగారు.

ఫ్రాన్సు సంగతి కూడా నేనే ఎత్తాను, అది నా పొరపాటు. 1951 నుంచి అక్కడ ప్రభుత్వం బడి కడితే ఖర్చులో 1 శాతం కళాకృతికి పెట్టాలనే పద్ధతి ఉంది. మనమూ ఒక శాతం పక్కన పెడితే ఎలా ఉంటుందన్నాను. శాతం అనే మాట వినగానే కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. నవ్వనివాళ్ళకే అనుభవం ఎక్కువ. మన దగ్గర శాతాలు ఇప్పటికే పక్కన పెడుతున్నామని, వాటిలోకి కొత్తవాళ్ళను చేర్చడం కష్టమని తర్వాత టీ దగ్గర ఒకాయన సానుభూతిగా చెప్పారు.

అధికారులను తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. వాళ్ళ భయం వెనక చరిత్ర ఉంది. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, లేపాక్షి గుడిని కట్టించిన విరూపణ్ణ ఖజానా సొమ్మును అనుమతి లేకుండా ఖర్చు పెట్టాడని ఆరోపణ వచ్చిందట. కళ్ళు తీయించమని ఆజ్ఞ. ఆయన తానే కళ్ళు పెరికి గోడకేసి కొట్టాడని కథ. ఆ రెండు ఎర్ర మరకలు ఇవేనంటూ గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. కళ్యాణ మండపం సగంలో ఆగిపోయి అలాగే ఉంది. మా ప్రాంతంలో కళ మీద వచ్చిన తొలి ఆడిట్ అభ్యంతరం ఇదే కావాలి. ఇంత పక్కన ఇంత గట్టి ఉదాహరణ ఉంటే ఏ అధికారి మాత్రం సొంతంగా సంతకం పెడతాడు? అన్నట్టు, ఆ గుడి పైకప్పు మీద అంత బొమ్మలు వేసిన చేతులు ఎవరివో ఏ గైడూ చెప్పగా నేను వినలేదు. మరకలు చూపించి ముందుకు తీసుకుపోతారు.

టెండరు తెరిచారు. ఎల్-1గా, అంటే అందరికన్నా తక్కువ రేటు వేసి, వచ్చింది ఎక్కడో పెద్ద నగరంలోని ప్రింటింగ్ కంపెనీ. వాళ్ళకు టర్నోవరు ఉంది, ధరావతు ఉంది, రెండు స్టేషన్లలో అనుభవం ఉంది. వాళ్ళు మా ఊరు చూడలేదు, చూడాలని నిబంధన కూడా లేదు. వారం రోజుల్లో లారీలో వినైల్ షీట్ల చుట్టలు దిగాయి. ఒక్క రాత్రిలో సంస్కృతి మొత్తం అతికించేశారు. పైన పెద్ద అక్షరాలతో 'మన సీమ సంస్కృతి'. కింద ఎడ్లబండి, కుండతో పడుచు, సూర్యోదయం. దాని పక్కన నది, నది మీద పడవ, ఒడ్డంతా కొబ్బరిచెట్లు. బసవన్న కూడా ఉన్నాడు, పాపం, కొబ్బరిచెట్టు నీడన కూర్చోబెట్టారు.

మొదటి ఏప్రిల్‌కే అంచులు లేచాయి. ఆ లేచిన అంచుల్లోకి కోచింగ్ సెంటర్ వాళ్ళు కరపత్రాలు దూర్చడం మొదలుపెట్టారు.

అది తర్వాతి సంగతి. ప్రారంభోత్సవం మాత్రం ఘనంగా జరిగింది. ఫోటోల్లో స్థానిక కళాకారుడు ఉంటే బాగుంటుందని ఎవరికో చివరి నిమిషంలో తోచి, నిమ్మలకుంట పెద్దాయనకు ఫోన్ చేశారు. "బొమ్మ కూడా తెచ్చుకో పెద్దాయనా" అన్నారు. బస్సు ఛార్జీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయన వచ్చాడు. శాలువా కప్పారు. గోడ ముందు నిలబెట్టి, సీతమ్మను ఎత్తి పట్టుకోమన్నారు. ఎండ ఫోటోగ్రాఫర్ వీపు వైపు నుంచి పడుతోంది, కాబట్టి బొమ్మలో వెలుగు రాలేదు.

జనం పోయాక ఆయన బొమ్మను మడతపడకుండా గుడ్డలో చుట్టుకుంటూ, గోడ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"సామీ, ఈ పడవల ఊరు మన సీమలో యాడుండాది? మనవణ్ణి ఒకసారి పిల్చకపోదామని."

ఎల్-1ను అడిగి చెబుతానన్నాను.