ఆల్కేన్ల పాఠంలో ముడి చమురు ఎక్కడ?

హనుమకొండ నయీంనగర్‌లో ఇంటర్ ఎంపీసీ చదివే ఎవరినైనా అడగండి, వుర్ట్జ్ చర్య గుక్కతిప్పుకోకుండా చెప్తారు. పొడి ఈథర్‌లో ఆల్కైల్ హాలైడ్, సోడియం కలిపితే ఆల్కేన్ వస్తుంది, అంటే కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఒంటి బంధాలతో కలిసిన పదార్థం. ఆల్కేన్లు తయారుచేసే మరో పద్ధతి కోల్బే విద్యుద్విశ్లేషణ కూడా నోటికొచ్చు. ఎప్‌సెట్‌లో అడుగుతారు కాబట్టి రావాలి కూడా. కానీ బండిలో పోయించుకునే పెట్రోల్‌లో పెద్ద భాగం ఈ ఆల్కేన్లేనని, వాటిని ఎవరూ సోడియం ముక్కలతో తయారు చెయ్యలేదని ఆ పిల్లలకు గట్టిగా చెప్పేవాళ్ళు తక్కువ. లోకానికి ఆల్కేన్లు ఏ దారిన వస్తున్నాయో ఆ దారి, అంటే ముడి చమురును శుద్ధి చేయడం, పాఠంలో రెండు లైన్లకు కుదించుకుపోయింది. ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం.

భూమిలోంచి కలగాపులగంగా వచ్చిన చమురును మరుగు స్థానాన్ని బట్టి వేరు చేస్తారు, ఇదే స్వేదనం. మీథేన్ మైనస్ 161 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ప్రొపేన్ మైనస్ 42, బ్యూటేన్ సున్నాకు కాస్త కింద, పెంటేన్ 36, ఆక్టేన్ 126, పదహారు కార్బన్ల హెక్సాడెకేన్ 287. గొలుసు పొడవయ్యేకొద్దీ అణువుల మధ్య లండన్ బలాలనే ఆకర్షణలు పెరుగుతాయి, విడదీయడానికి ఎక్కువ వేడి కావాలి. ఈ అంకెలను వరంగల్ ఎండతో కలిపి చెప్తే పిల్లలు మరిచిపోరు. మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు కొత్త కాదు. ఆ ఎండలో పెంటేన్‌ను గిన్నెలో పోసి ఆరుబయట పెడితే పొయ్యి అక్కర్లేకుండానే మరుగుతుంది. వంటగ్యాస్‌లోని ప్రొపేన్, బ్యూటేన్ ఒత్తిడి వల్లే సిలిండర్‌లో ద్రవంగా ఉంటాయి. మన చలికాలంలో కూడా వాల్వు తిప్పగానే ఆవిరై వస్తాయి.

రిఫైనరీలో ముడి చమురును ముందు ఉప్పు పోయేలా కడిగి, 350 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి ఎత్తైన స్తంభంలోకి పంపుతారు. స్తంభంలో కింద వేడి ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. పై నుంచి గ్యాస్, పెట్రోల్‌కు ముడిసరుకైన నాఫ్తా, ఆ కింద కిరోసిన్, డీజిల్ వరసగా తీస్తారు. అడుగున మిగిలినదాన్ని ఇంకా కాచితే మరిగేలోపే అణువులు విరిగిపోతాయి. అందుకని పీడనం బాగా తగ్గించి మళ్ళీ స్వేదనం చేస్తారు. అప్పటికీ మిగిలే నల్లటి జిగురే రోడ్ల తారు.

ఐసోమర్ల సంగతి, అంటే అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న అణువుల సంగతి, ఇంకా ఆసక్తికరం. ఎనిమిది కార్బన్లు, పద్దెనిమిది హైడ్రోజన్లు తిన్నని గొలుసులో ఉంటే 126 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కొమ్మలున్న ఐసో ఆక్టేన్ 99 దగ్గరే మరుగుతుంది. ఇంజన్‌లో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి టకటక కొట్టడం) రానివ్వని ఈ ఐసో ఆక్టేన్‌కే ఆక్టేన్ సంఖ్య 100 ఇచ్చారు. తిన్నని హెప్టేన్‌కు సున్నా. తిన్నని ఆక్టేన్‌ది సున్నా కన్నా తక్కువ! స్వేదనంలో వచ్చిన నాఫ్తాను ఉన్నదున్నట్టు బంకుకు ఎందుకు పంపరో ఈ ఒక్క ముక్కతో తెలుస్తుంది. అణువుల ఆకారం మార్చాకే అది పెట్రోల్ అవుతుంది.

ఇక్కడి నుంచే ఇంధన ధరల చర్చ మొదలవ్వాలి. 159 లీటర్ల బారెల్‌లో డీజిల్ పాలెంతో ముందు ఆ చమురే నిర్ణయిస్తుంది, రిఫైనరీ మాట ఆ తర్వాతే. ఉత్తర తెలంగాణకు కావలసింది ముఖ్యంగా డీజిల్. యాసంగి కోతలప్పుడు కరీంనగర్, జగిత్యాల పొలాల్లో హార్వెస్టర్లకు, ధాన్యం కొనే ఐకేపీ సెంటర్ల నుంచి మిల్లులకు పోయే ధాన్యం లారీలకు, ఓపెన్‌కాస్టు గనుల్లో డంపర్లకు అదే కావాలి. దేశమంతా చూసినా పెట్రోల్‌కు రెండింతలకు పైగా డీజిల్ వాడుతున్నాం. అందుకే హైడ్రోజన్‌తో బరువైన అణువులను విరిచే హైడ్రోక్రాకర్ల మీద రిఫైనరీలు భారీగా ఖర్చు పెట్టాయి. తెలంగాణలో రిఫైనరీ లేదు. 1957లో కాల్టెక్స్ కంపెనీ మొదలుపెట్టిన విశాఖ రిఫైనరీ ఇప్పుడు ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌పీసీఎల్ చేతిలో ఉంది, దాని సామర్థ్యాన్ని ఏడాదికి కోటిన్నర టన్నులకు పెంచుతూ అడుగు సరుకును కూడా తేలిక ఇంధనంగా మార్చే యూనిట్‌ను చేర్చారు. టీవీ చర్చల్లో పన్నుల మాటే వినిపిస్తుంది. ఆ మాట న్యాయమైనదే, ప్రభుత్వాలను నిలదీయాల్సిందే. అయితే అణువులను విరిచే ఖర్చు, గంధకం తీసే ఖర్చు తెలియకుండా ఆ లెక్క సగమే అవుతుంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 అనే వాహన కాలుష్య నిబంధన ప్రకారం ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్ళలో పది పాళ్ళు మించకూడదు.

అన్నిటికన్నా చిన్న ఆల్కేన్ మీథేన్ కథ మన రామగుండంలోనే ఉంది. బొగ్గుతో నడిచిన పాత ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్తది పైపులైన్లో వచ్చే సహజ వాయువుతో నడుస్తుంది. సింగరేణి బొగ్గు పక్కనే ఉండగా గ్యాస్ ఎందుకు? మీథేన్‌లో ఒక కార్బన్‌కు నాలుగు హైడ్రోజన్లు. బొగ్గులో ఒక కార్బన్‌కు సగటున ఒక హైడ్రోజన్ కూడా రాదు, పైగా బూడిద. అమోనియాకు కావలసింది హైడ్రోజన్. నికెల్ ఉత్ప్రేరకం మీద మీథేన్‌ను ఆవిరితో చర్య జరిపితే ఆ హైడ్రోజన్ వస్తుంది, యూరియాకు కావలసిన కార్బన్ డయాక్సైడ్ కూడా అందులోంచే దొరుకుతుంది. అయితే దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం ఓడల్లో దిగుమతి అవుతోంది. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి నిలబడిన రైతుల పిల్లలే మన కాలేజీల్లో ఈ పాఠం చదువుతున్నారు. వాళ్ళ పొలానికీ ఈ పాఠానికీ ఉన్న సంబంధం వాళ్ళకు తెలియాలి.

వరంగల్ ఎన్‌ఐటీలో కెమికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. స్వేదనం ఎలా జరుగుతుందో జూనియర్ కాలేజీల పిల్లలకు చూపించగలవాళ్ళు అక్కడున్నారు. పెద్దపల్లి, మంచిర్యాల పిల్లలకు రామగుండం పక్క ఊరే, ఎరువుల ఫ్యాక్టరీ చూసి రావచ్చు. మార్కులు లేని పనికి కాలేజీలు పిల్లలను పంపవు కాబట్టి, ఇంటర్ బోర్డే ముందుకొచ్చి ఇలాంటి సందర్శనలకు ప్రాక్టికల్స్‌లో మార్కులు కేటాయించాలి.