పరాయి గడ్డ మీద సొంతిల్లు: బయటపడే దారి ముందే చూసుకోవాలి

విదేశంలో ఇల్లు కొనాలనుకునేవారు సాధారణంగా మూడు ప్రశ్నలతో మొదలుపెడతారు: ధర ఎంత, అద్దె ఎంత వస్తుంది, వీసా దొరుకుతుందా. మూడూ అడగవలసినవే. అయితే ఆ ఇంటిని ఎప్పుడైనా అమ్మవలసి వస్తే కొనగలిగేవారు ఎవరు, వచ్చిన డబ్బు ఆ దేశం దాటి బయటికి వస్తుందా, యజమాని కన్నుమూస్తే ఇల్లు ఎవరికి చెందుతుంది అన్న ప్రశ్నలు మాత్రం సంతకాలన్నీ అయిపోయాక ఎప్పుడో గుర్తుకొస్తాయి. ఈ వరుసను తిరగెయ్యాలన్నది నా అభిప్రాయం. సొంత దేశంలో ఇల్లు పౌరుడి హక్కును ఆనుకుని ఉంటుంది. పరదేశిగా కొన్న ఇల్లు ఆ ప్రభుత్వం ఇచ్చిన అనుమతిని ఆనుకుని ఉంటుంది. ఆ అనుమతికి ఉన్న షరతులు కొన్నవారితో ప్రమేయం లేకుండానే మారిపోతుంటాయి.

ముందుగా, కొంటున్నది ఏమిటో తేల్చుకోవాలి. థాయ్‌లాండ్‌లో విదేశీయులు తమ పేరున భూమి కొనడానికి సాధారణంగా వీలుండదు. కాండోమినియం ఫ్లాటు కొనవచ్చు గాని, ఆ భవనంలోని ఫ్లాట్ల మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల చేతిలో ఉన్నది 49 శాతం దాటకూడదు. అంటే ఫ్లాటు ఎంత నచ్చినా, ఆ భవనంలో విదేశీయుల కోటా ఇంకా మిగిలి ఉందో లేదో మొదట తెలుసుకోవాలి. రెండో మెలిక డబ్బు దగ్గర ఉంది. కొనుగోలు సొమ్ము విదేశీ కరెన్సీలోనే దేశంలోకి వచ్చి, అక్కడి బ్యాంకులో థాయ్ కరెన్సీ అయిన బాత్‌లుగా మారినట్లు ఆ బ్యాంకు ఇచ్చే పత్రం చూపితే తప్ప భూమి శాఖ కార్యాలయంలో విదేశీయుల పేరున రిజిస్ట్రేషన్ జరగదు. మారకం రేటు బాగుందని తమ దేశంలోనే బాత్‌లు కొని పంపినవారు సరిగ్గా ఇక్కడే చిక్కుకుంటారు. ఆ పత్రం అవసరం రిజిస్ట్రేషన్‌తో తీరిపోదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఫ్లాటు అమ్మి సొమ్మును బయటికి పంపేటప్పుడు, ఇది ఒకప్పుడు బయటి నుంచి వచ్చిన డబ్బేనని నిరూపించేది కూడా అదే. దాన్ని హక్కు పత్రంతో సమానంగా భద్రపరచుకోవాలి.

ఫ్లాటు కాదు, తోటలో ఇల్లు కావాలనుకునేవారికి అక్కడ చూపే దారి లీజు. చట్టం ప్రకారం దాని గరిష్ఠ గడువు 30 ఏళ్లు. ‘ముప్పై, ఆపై మరో ముప్పై, ఇంకో ముప్పై’ అంటూ 90 ఏళ్ల లెక్క చెప్పి అమ్మేవారు ఉంటారు. మొదటి ముప్పై ఏళ్లకు రిజిస్టరైన హక్కు ఉంటుంది. మిగతా అరవై ఏళ్లకు ఉన్నది భూయజమాని ఇచ్చిన మాట మాత్రమే, ఆ మాటను ఆయన వారసులు నిలబెడతారన్న నమ్మకం లేదు. ఇక మూడో దారి, స్థానికులను పేరుకు వాటాదారులుగా పెట్టి నడిపే కంపెనీ ద్వారా భూమి కొనడం. తెలుగులో దీనికి చక్కని మాట ఉంది, బినామీ. ఏ దేశంలోనైనా ఈ సలహా ఇచ్చేవారిని ఒక్కటే అడగాలి: పేరుకు పెట్టుకున్న ఆ మనిషి అడ్డం తిరిగితే, చట్టాన్ని దాటవేయడానికి రాసుకున్న ఒప్పందాన్ని పట్టుకుని ఏ కోర్టుకు వెళ్ళగలం?

మెక్సికో ఇదే సమస్యను మరింత పద్ధతిగా పరిష్కరించుకుంది. తీరం నుంచి 50 కిలోమీటర్లు, సరిహద్దుల నుంచి 100 కిలోమీటర్ల లోపు భూమికి విదేశీయులు నేరుగా యజమానులు కావడానికి ఆ దేశ రాజ్యాంగంలోని 27వ అధికరణం ఒప్పుకోదు. అందుకని ‘ఫిదేయికోమిసో’ అనే ట్రస్టు ఏర్పాటు వచ్చింది. హక్కు బ్యాంకు పేరున ఉంటుంది. ఇంట్లో ఉండటానికి, అద్దెకివ్వడానికి, అమ్మడానికి, వారసులను నియమించడానికి కొన్నవారికి అధికారం ఉంటుంది. గడువు 50 ఏళ్లు, తర్వాత పొడిగించుకోవచ్చు. బ్యాంకుకు ఏటా రుసుము కట్టాలి. ఇది బినామీ కాదు, చట్టమే చూపిన దారి. అక్కడ నిజంగా భయపడవలసింది ‘ఎహిదో’ భూముల విషయంలో. గ్రామ సముదాయానికి చెందిన ఆ భూములు పద్ధతి ప్రకారం ప్రైవేటు ఆస్తిగా మారేవరకు విదేశీయులకు అమ్ముడుపోవు. అయినా సముద్రం కనిపించే స్థలం చవకగా వస్తోందని కాగితం రాయించుకునేవారు ఉంటారు.

వీసా సంగతికి వస్తే, ఇల్లు ఒకటి, నివాస హక్కు మరొకటి. జపాన్‌లో విదేశీయులు భూమితో సహా ఇల్లు కొనుక్కోవచ్చు. కొన్నంత మాత్రాన అక్కడ ఒక్క రోజు ఎక్కువ ఉండే హక్కు కూడా రాదు. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ విడిపోయాక, 2021 జనవరి నుంచి, స్పెయిన్‌లో సొంతిల్లు ఉన్నా నివాస అనుమతి లేని బ్రిటిష్ పౌరులు ప్రతి 180 రోజుల్లో 90 రోజులకు మించి షెంజెన్ దేశాల్లో (ఒకే వీసా నియమాలతో, తమ మధ్య సరిహద్దు తనిఖీలు లేకుండా ఉండే యూరప్ దేశాల్లో) ఉండటానికి వీల్లేకుండా పోయింది. ఇల్లు అదే, తాళం చెవి అదే. మారింది పాస్‌పోర్టు బలం. పెట్టుబడికి బదులుగా ఇచ్చే ‘గోల్డెన్ వీసా’లనూ నమ్ముకోలేం. ఇల్లు కొంటే ఆ వీసా ఇచ్చే దారిని పోర్చుగల్ 2023 అక్టోబరులో మూసివేసింది. స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో ఆ వీసా పథకాన్నే ఎత్తివేసింది.

విధానాలు ఇలా మారినప్పుడు, పాత యజమానులకు నష్టం లేదని, నిషేధం కొత్తగా కొనేవారికేనని చెబుతుంటారు. సగం నిజమే. సింగపూర్ 2023 ఏప్రిల్‌లో విదేశీ కొనుగోలుదారులపై అదనపు స్టాంపు డ్యూటీని 30 నుంచి 60 శాతానికి పెంచింది. విదేశీయులు ఇళ్లు కొనకుండా కెనడా 2023 జనవరి నుంచి నిషేధం పెట్టి, తర్వాత దాన్ని 2027 జనవరి 1 దాకా పొడిగించింది. పాత ఇళ్ల కొనుగోలుపై ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ నుంచి రెండేళ్ల నిషేధం విధించింది. అప్పటికే అక్కడ ఇల్లున్న విదేశీయుల హక్కులకు ఇవేవీ అడ్డురాలేదు. కానీ రేపు ఆ ఇంటిని కొనవలసినవారిలో ఒక వర్గమంతా తప్పుకుంది. స్థానికులు కోరుకునే వీధిలో, వారికి అవసరమైన ఇల్లు కొన్నవారికి దీనివల్ల పెద్ద బాధ ఉండదు. విదేశీయుల కోసమే కట్టి, విదేశీయులకే అమ్మిన సముదాయాల్లో కొన్నవారిని మాత్రం ఈ మార్పు నేరుగా తాకుతుంది. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు ఇరుగుపొరుగున స్థానిక కుటుంబాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోమనడం అందుకే. బ్రోషర్‌లో ఆ సంగతి ఉండదు.

ఇక ఏడాది పొడవునా సాగే నిర్వహణ. స్పెయిన్‌నే తీసుకుందాం. అక్కడ విదేశీయులు ఇల్లు కొనాలంటే ముందు ‘ఎన్‌ఐఈ’ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. ఇంటిమీద స్థానిక సంస్థ వేసే పన్ను ఎలాగూ ఉంటుంది. దానికి తోడు, అద్దెకు ఇవ్వకుండా ఖాళీగా ఉంచుకున్నా ఆ దేశంలో నివాసం లేని యజమానికి ఆదాయం వచ్చినట్లే భావించి పన్ను లెక్కిస్తారు: ప్రభుత్వ రికార్డులోని విలువలో 1.1 లేదా 2 శాతాన్ని ఆదాయంగా ఊహించి, యూరోపియన్ యూనియన్ బయటివారైతే దానిమీద 24 శాతం. మొత్తం పెద్దదేమీ కాకపోవచ్చు, కానీ బిల్లు ఇంటికి రాదు. యజమానే లెక్క వేసుకుని, ఫారం నింపి కట్టాలి. ఏళ్ల తరబడి తెలియక కట్టనివారికి అది అమ్మే సమయంలో ఎదురవుతుంది. పాత యజమాని అపార్ట్‌మెంట్ సంఘానికి ఎగ్గొట్టిన మెయింటెనెన్సు బకాయి కూడా, ఆ ఏడాదిదీ అంతకు ముందు మూడేళ్లదీ, ఇంటినే పట్టుకుని కొత్తవారి మెడకు చుట్టుకుంటుంది. బకాయి లేదన్న పత్రాన్ని నోటరీ ముందు కూర్చునే రోజుకు తెప్పించుకోవాలి.

దూరాన ఉన్న ఇంటికి కష్టాలు ఎలా మొదలవుతాయో ఒకసారి దగ్గరగా చూడండి. యజమాని పాస్‌పోర్టు గడువు తీరి కొత్తది తీసుకుంటాడు. అక్కడి బ్యాంకు కొత్త పాస్‌పోర్టు నకలు అడుగుతూ ఆ దేశపు భాషలో ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం ఖాళీ ఇంటి పోస్టు డబ్బాలో పడి ఉంటుంది. గడువు దాటాక ఖాతా స్తంభిస్తుంది. ఖాతా నుంచి నెలనెలా వాటంతట అవే వెళ్ళే విద్యుత్ బిల్లు, నీటి బిల్లు, సంఘం చందా ఒక్కొక్కటిగా వెనక్కి వస్తాయి. ఎనిమిది నెలల తర్వాత సెలవులకు వెళ్ళి తలుపు తీసేసరికి కరెంటు ఉండదు, ఫ్రిజ్ తెరవలేనంత వాసన, డబ్బాలో నోటీసుల కట్ట. ఎవరూ మోసం చేయలేదు, ఏ చట్టమూ మారలేదు. స్థానికంగా ఉత్తరాలు విప్పి చదివే మనిషి లేకపోవడమే లోపం. జపాన్‌లోనైతే ఆ దేశంలో నివాసం లేని యజమాని పన్ను వ్యవహారాలు చూసే ప్రతినిధిని నియమించుకోవాలన్నది నియమం; నియమం లేని చోట్ల కూడా ఆ పని చేయడం మేలు. బీమా పాలసీలో ‘ఖాళీ ఇల్లు’ షరతు కూడా చదవాలి. ఇన్ని రోజులకు మించి ఎవరూ ఉండకపోతే నీటి లీకేజీకి, దొంగతనానికి పరిహారం వర్తించదని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది.

అప్పు ఏ కరెన్సీలో తీసుకోవాలన్నది మరో ప్రశ్న. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు ఒక యూరో విలువను 1.20 ఫ్రాంకుల కంటే తగ్గనివ్వబోమన్న కట్టుబాటును వదిలేయగానే, తక్కువ వడ్డీకి ఆశపడి ఫ్రాంకుల్లో గృహరుణం తీసుకున్న పోలండ్ కుటుంబాల అప్పు రాత్రికి రాత్రే బరువెక్కింది. వారు సొంత దేశంలోనే ఇల్లు కొనుక్కున్నవారు. చిక్కల్లా జీతం ఒక కరెన్సీలో, అప్పు మరో కరెన్సీలో ఉండటమే. విదేశంలో కొనేవారిలో చాలామంది ఆదాయం ఒక దేశంలోనూ వాయిదాలు మరో దేశంలోనూ పెట్టుకుని ఇదే స్థితిలోకి తెలిసి అడుగుపెడతారు.

అమ్మే రోజు వచ్చేసరికి ధర మొత్తం చేతికి రాదు. అమెరికాలో విదేశీ యజమాని ఇల్లు అమ్మితే, కొనేవారు సాధారణంగా అమ్మకపు ధరలో 15 శాతం పట్టుకుని పన్ను శాఖకు జమ చేయాలి. స్పెయిన్‌లో ఇది 3 శాతం. లాభం మీద కాదు, ధర మీద. నష్టానికి అమ్మినా పట్టుకుంటారు, ఆ తర్వాత లెక్కలు చూపి తిరిగి రాబట్టుకోవాలి. కొన్న ధర, రిజిస్ట్రేషన్ ఖర్చు, చేయించిన మరమ్మతుల రసీదులు అప్పుడే పనికొస్తాయి. అమ్మకానికి స్వయంగా వెళ్ళలేనివారి పవర్ ఆఫ్ అటార్నీకి అపోస్టీల్ ముద్ర (పత్రం విదేశంలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ), అధికారిక అనువాదం కావలసి రావచ్చు. వీటికి వారాలు పడుతుంది గనుక కొనేవారు దొరికాక మొదలుపెడితే ఆలస్యమైనట్లే.

వారసత్వం గురించి కుటుంబాల్లో ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడరు, అసలు ముడులన్నీ అక్కడే ఉన్నాయి. అమెరికాలో నివాసం లేని విదేశీయులు మరణిస్తే, అక్కడి ఆస్తిపై ఎస్టేట్ పన్ను లెక్కలో, దేశాల మధ్య పన్ను ఒప్పందాలు వేరేగా చెప్పకపోతే, 60,000 డాలర్ల వరకే మినహాయింపు; గరిష్ఠ పన్ను 40 శాతం. ఫ్రాన్స్‌లో ఆస్తిలో కొంత భాగం చట్టప్రకారం సంతానానికే చెందుతుంది: ఒక బిడ్డ ఉంటే సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువైతే నాలుగింట మూడు వంతులు. భార్య పేరునే అంతా రాసిన భర్త అక్కడ తన కోరిక నెరవేరుతుందని అనుకోవడానికి లేదు. 2015 ఆగస్టు 17 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ నిబంధన ప్రకారం, వీలునామాలో స్పష్టంగా రాసుకుంటే తమ పౌరసత్వ దేశపు చట్టాన్ని ఎంచుకోవచ్చు. అయితే 2021లో ఫ్రాన్స్ తెచ్చిన సవరణ కొన్ని సందర్భాల్లో ఆ వెసులుబాటును మళ్ళీ బిగించింది. అందుకే న్యాయవాదులు దేశానికొక వీలునామా రాసుకోమంటారు. అలా రాసేటప్పుడు ఒక్క వాక్యం దగ్గర ఆగి చూసుకోవాలి. దాదాపు ప్రతి వీలునామా నమూనాలోనూ మొదట్లోనే ‘ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలన్నీ దీనితో రద్దు’ అని ఉంటుంది. స్వదేశంలోని ఆస్తి కోసం ఆ నమూనా మీద అలాగే సంతకం పెడితే, విదేశంలోని ఇంటి కోసం అంతకు ముందు రాసుకున్న వీలునామా కూడా దానితోపాటే రద్దయిపోవచ్చు.