మూడు రివెట్లు తక్కువ

ఆవిడ: ఏమండీ, మోడల్ రైళ్ల క్లబ్బు నుంచి వస్తూనే ఆ మొహమేంటి? ఇంజను గానీ బల్ల మీంచి దూకిందా?

ఆయన: దూకితే బాగుణ్ణు. క్లబ్బులో ఓ మహానుభావుడు నా బుల్లి వ్యాగను మీద భూతద్దం పెట్టి రివెట్లు లెక్కపెట్టాడు. మూడు తక్కువట!

ఆవిడ: కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. మీరేమన్నారు?

ఆయన: మూడడుగుల దూరంలో నిలబడి చూడమన్నాను. అక్కణ్ణుంచి బాగుంటే బాగున్నట్టే.

ఆవిడ: ఒప్పుకున్నాడా?

ఆయన: "సరే, మరి పట్టాలు చీలే పాయింటు దగ్గర ప్రతిసారీ పడిపోతోందేం?" అన్నాడు. వాళ్ల ట్రాకే బాలేదు!

ఆవిడ: ఆడలేక మద్దెల ఓడు. ఇలా ఇవ్వండి, వంటింటి త్రాసు మీద పెడతా. 70 గ్రాములు! ఆరంగుళాల హెచ్‌ఓ వ్యాగనుకి, అదే అసలు బండిలో 87వ వంతుదానికి, ఎంతుండాలి? అమెరికా మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ లెక్క చెప్పండి.

ఆయన: ముందు ఒక ఔన్సు, ఆపైన అంగుళానికి అర ఔన్సు... నాలుగు ఔన్సులు.

ఆవిడ: అంటే 113 గ్రాములు. ఇనుప నట్లు అతికించండి. పైకప్పుకి కాదు, అడుగున, రెండు చివరలా సమంగా. ఇప్పుడు చక్రాల మధ్య దూరం కొలిచే గేజీ పెట్టండి.

ఆయన: ...ఒక జత దగ్గరగా జరిగింది.

ఆవిడ: అదీ సంగతి! చక్రం వీపు పాయింటు దగ్గర పట్టా పక్కనుండే చెక్ రైలుకి ఒరుసుకుని పైకెక్కుతోంది. మెల్లగా తిప్పుతూ బయటికి జరపండి. ఊరికే గుంజితే చక్రం వంకరపోతుంది.

ఆయన: అంటే వాడే కరెక్టంటావ్?

ఆవిడ: పాయింటు సంగతిలో కరెక్టే, రివెట్ల సంగతిలో చాదస్తం. ఆ గేజీ ఆయన చేతికే ఇచ్చి తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. చక్రాలు, బళ్లని కలిపే కప్లరు ఎత్తు, బరువు. ఈ మూడింట్లో ఏది తప్పినా బండి క్లబ్బు పట్టాల లేఅవుట్ ఎక్కకూడదు. రంగూ రివెట్లూ అడిగితేనే చెప్పాలి. అడక్కుండా నోరెత్తితే ఆ వారం పట్టాలన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఆయనే తుడవాలి.

ఆయన: సొంత కొలతలు పెట్టి అందరి బళ్లూ ఆపేస్తాడే!

ఆవిడ: అంకెలు రాసి గోడకి అంటించండి. కొత్తగా చేరిన పిల్లల బళ్లు మాత్రం ఆయన ఒక్కడికే వదలకండి. మొదటి వ్యాగనుకే వంకలు పెడితే రెండోది తేరు.

ఆయన: సరే గానీ, మన బల్ల మీద పట్టాల కింద ఏం పోశావు?

ఆవిడ: కంకర. ఇసుక జల్లించి, పరిచి, తడిపి, జిగురు సగం నీళ్లు సగం కలిపి చుక్కలు వేశా. జిగురు లోపలికి ఇంకాలని అందులో ఒక్క చుక్క గిన్నెల సబ్బు కూడా.

ఆయన: గింజ రెండు మిల్లీమీటర్లుంది! 87తో గుణించు. 17 సెంటీమీటర్లు! కంకరా అది? బండరాళ్లు!

ఆవిడ: మూడడుగులు వెనక్కి జరగండి.

ఆయన: ఆఁ?

ఆవిడ: ఇంకా... ఇంకా... గోడ తగిలిందా?

ఆయన: తగిలింది.

ఆవిడ: అక్కడే ఉండండి.